ట్రాన్సిస్టర్‌ను నడిపేది కరెంటా, వోల్టేజీనా?

ఇంటర్ రెండో ఏడాది భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ట్రాన్సిస్టర్ అనగానే మూడు సంబంధాలు నోటికొస్తాయి. బేస్ కరెంటూ కలెక్టర్ కరెంటూ కలిపితే ఎమిటర్ కరెంటు. కలెక్టర్ కరెంటును ఎమిటర్ కరెంటుతో భాగిస్తే ఆల్ఫా. అదే కలెక్టర్ కరెంటును బేస్ కరెంటుతో భాగిస్తే బీటా. ఆల్ఫా 0.99 అయితే బీటా ఎంత అని పరీక్షలో అడుగుతారు. 99 అని రాస్తాం, మార్కులు పడతాయి. చిన్న బేస్ కరెంటు పెద్ద కలెక్టర్ కరెంటును ఆడిస్తుందన్న బొమ్మ మనసులో అచ్చుపడిపోతుంది.

ఇంజినీరింగ్‌లో చేరాక వేరే పాట మొదలవుతుంది. కలెక్టర్ కరెంటును నిర్ణయించేది బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్యనున్న వోల్టేజీ అంటారు. ఆ సంబంధం ఘాతీయమంటారు. యాంప్లిఫైయర్ గెయిన్ లెక్క కట్టే సూత్రంలో బీటా కనిపించదు. నిన్నటిదాకా రాజ్యమేలిన అంకె ఏమైందని పిల్లలు తికమకపడతారు. ఈ తికమక పిల్లలది మాత్రమే కాదు. అనుభవమున్న ఇంజినీర్లు కూడా దీని మీద రెండు పక్షాలుగా విడిపోయి ఏళ్ల తరబడి వాదించుకున్నారు, ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ పక్షాలు చెప్పేదాన్ని ఒకచోట పరిచి చూడాలని ఈ వ్యాసం. నా మాట ముందే చెప్పేస్తాను. సంధిలో జరిగే భౌతికం వోల్టేజీ వైపే ఉంది. బీటా అనేది జమాఖర్చు లెక్క. లెక్క తప్పు కాదు, కానీ లెక్కను కారణమనుకోవడం తప్పు. ఇక మంచి యాంప్లిఫైయర్ కట్టేవాడు ఈ రెండిటిలో దేన్నీ నమ్ముకోడు.

ముందు సంధి సంగతి చూడాలి, ఎందుకంటే తగవంతా అక్కడే పుట్టింది. జంక్షన్‌ను మన పాఠ్యపుస్తకాలు సంధి అన్నాయి. చక్కని పేరు. వ్యాకరణంలో సంధి జరిగిన చోట రెండు వర్ణాలూ తమ రూపం వదులుకుని కొత్తది వస్తుంది. సిలికాన్‌లోనూ అంతే. పీ రకం ముక్కకు గానీ ఎన్ రకం ముక్కకు గానీ విడిగా లేని గుణం అవి కలిసిన చోట పుడుతుంది.

ఘన సెంటీమీటరు సిలికాన్‌లో పరమాణువులెన్ని అంటే 5 పక్కన 22 సున్నాలు పెట్టాలి. గది ఉష్ణోగ్రతలో, స్వచ్ఛమైన సిలికాన్‌లో, కట్టు తెంచుకుని తిరిగే ఎలక్ట్రాన్లు మాత్రం ఘన సెంటీమీటరుకు సుమారు 1,000 కోట్లే. అంటే 5 లక్షల కోట్ల పరమాణువులకు ఒక్కటి. ఇప్పుడు 50 లక్షల పరమాణువుల్లో ఒక్కదాన్ని తీసి అక్కడ ఫాస్ఫరస్ పెట్టండి. తిరిగే ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా పది లక్షల రెట్లవుతాయి. ఇది ఎన్ రకం. ఫాస్ఫరస్‌కు బదులు బోరాన్ పెడితే ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీయే రంధ్రం, అందరూ అనే మాటలో హోల్. ఇది పీ రకం. ఇంత చిటికెడు మలినానికి ఇంత మార్పు వచ్చే పదార్థం కాబట్టే అర్ధవాహకం మనకు పనికొచ్చింది. తీగ చేసే రాగిలో ఇలాంటి విద్య సాగదు.

ఈ సంధి కనబడింది అనుకోకుండా. 1940లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రసెల్ ఓల్ ఒక సిలికాన్ ముక్కను పరీక్షిస్తున్నాడు. దాని నడుమ పగులుంది. వెలుగు పడగానే ఆ ముక్క నుంచి అర వోల్టు దాకా వచ్చింది. కరిగిన సిలికాన్ గడ్డకట్టేటప్పుడు మలినాలు వేరుపడి, పగులుకు ఒక పక్క ఒక రకంగా, రెండో పక్క మరో రకంగా చేరాయని తరవాత తేలింది. పీ, ఎన్ అన్న పేర్లు కూడా ఓల్, ఆయన సహచరుడు జాక్ స్కాఫ్ పెట్టినవే.

రెండు రకాలూ ఆనుకుని ఉన్నచోట ఎన్ వైపు ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి, పీ వైపు హోల్స్. కిక్కిరిసిన చోటు నుంచి పలుచనైన చోటుకు వ్యాపించడం వాటి స్వభావం. అగరుబత్తి పొగ గదంతా పరుచుకున్నట్టు ఇటువి అటు, అటువి ఇటు దాటతాయి. దాటినవి తమ వెనక కదల్లేని అయాన్లను వదిలిపెడతాయి. ఎన్ అంచున ధనావేశం, పీ అంచున రుణావేశం నిలబడిపోతాయి. ఆ రెండిటి మధ్య పుట్టిన విద్యుత్ క్షేత్రం ఇంకా దాటబోయేవాటిని వెనక్కి తోస్తుంది. వ్యాపనం ఒకవైపు, క్షేత్రం మరోవైపు లాగి సమానమైన చోట ఆట ఆగుతుంది. ఆగుతుందంటే కదలిక ఉండదని కాదు, అటుపోయేదీ ఇటువచ్చేదీ సరిసమానమని. సంధికి రెండువైపులా స్వేచ్ఛా వాహకాలు లేకుండా పోయిన ఆ సన్నని పట్టీయే లేమి పొర. ఒకవైపు 5 లక్షల్లో ఒకటి, రెండోవైపు 50 లక్షల్లో ఒకటి చొప్పున మలినం కలిపిన సిలికాన్‌కు లెక్క వేస్తే అవరోధం సుమారు 0.77 వోల్టు, లేమి పొర మందం మైక్రోమీటరులో మూడో వంతు వస్తాయి. వోల్టు కూడా లేదు కదా అనుకోకండి. అంత సన్నని చోట కాబట్టి క్షేత్రం సగటున సెంటీమీటరుకు 23 వేల వోల్టుల పైచిలుకు.

ఈ 0.77 వోల్టును మల్టీమీటర్‌తో ఎందుకు కొలవలేమన్నది మంచి ప్రశ్న. లోహపు తీగ సిలికాన్‌ను తాకే చోట్ల కూడా ఇలాంటి అంతరాలే ఉంటాయి. చుట్టూ తిరిగి వచ్చేసరికి అన్నీ కలిపి సున్నా అవుతాయి. లేకపోతే డయోడే బ్యాటరీ అయ్యేది!

చెరువు అలుగు తెలిసినవాళ్లకు (తెలంగాణలో మత్తడి అంటారు) ఇక్కడినుంచి విషయం సులువు. అవరోధం అలుగు గోడ లాంటిది. పీ వైపు ధన, ఎన్ వైపు రుణ వోల్టేజీ ఇస్తే ఆ గోడ ఎత్తు తగ్గుతుంది. ఇది పురోబయాస్. తిప్పి ఇస్తే గోడ ఎత్తు పెరుగుతుంది, అది తిరోబయాస్. అయితే నీటికీ ఎలక్ట్రాన్లకూ ఒక తేడా ఉంది, దాన్ని దాటేయకూడదు. చెరువులో నీటి మట్టం చదునుగా ఉంటుంది. ఎలక్ట్రాన్ల శక్తి అలా ఉండదు. వేడికి కొన్ని తక్కువ ఎత్తుకు, కొన్ని ఎక్కువ ఎత్తుకు ఎగురుతూ ఉంటాయి. ఎత్తు పెరిగేకొద్దీ అంత ఎత్తు ఎగరగలిగేవి రెట్ల చొప్పున తగ్గిపోతాయి. ఇది బోల్ట్జ్‌మన్ నియమం. అందుకే గోడను కాస్త దించితే దాటేవి కాస్త పెరగవు, రెట్లలో పెరుగుతాయి. గది ఉష్ణోగ్రతలో 18 మిల్లీవోల్టులు దించితే రెట్టింపు, 60 మిల్లీవోల్టులు దించితే పది రెట్లు. ట్రాన్సిస్టర్ గురించి ఒక్క అంకే గుర్తుపెట్టుకోమంటే బీటాను కాదు, ఈ 60ని గుర్తుపెట్టుకోమంటాను.

తిరోబయాస్‌ను చాలామంది తలుపు మూసినట్టు ఊహించుకుంటారు. అది మూసేది ఒకవైపే. ఎన్ వైపు మందగా ఉన్న ఎలక్ట్రాన్లకు గోడ ఎక్కడం కష్టం. పీ వైపు దారితప్పి వచ్చిన ఎలక్ట్రాన్‌కు మాత్రం అది ఎక్కాల్సిన గోడ కాదు, జారుడుబండ. అంచుకు చేరడమే ఆలస్యం, అవతలికి జారిపోతుంది. మామూలు డయోడ్‌లో అలా దారితప్పినవి బహు కొద్ది, అందుకే తిరోబయాస్ కరెంటు ఉండీ లేనట్టుంటుంది. ఈ సంగతి బుర్రకెక్కితే ట్రాన్సిస్టర్ సగం అర్థమైనట్టే. తిరోబయాస్‌లో ఉన్న కలెక్టర్ సంధి గుండా అంత కరెంటు ఎలా పోతుంది సార్ అని అడిగిన పిల్లలే క్లాసులో అసలు విషయాన్ని పట్టుకున్నవాళ్లు. జవాబు ఇదే. ఎమిటర్ సంధి గోడ దించి ఎలక్ట్రాన్లను పీ రకం బేస్‌లోకి వదులుతాం. బేస్‌ను అతి సన్నగా చేస్తాం. హోల్స్‌తో కలిసి మాయమయ్యే లోపే అవి కలెక్టర్ అంచుకు చేరి జారిపోతాయి.

అలుగు దాటిన నీరు అవతల ఎంత లోతుకు పడుతుందన్నదానికీ, ఎంత నీరు దాటుతుందన్నదానికీ సంబంధం లేదు. కలెక్టర్ వోల్టేజీ 3 ఉన్నా 10 ఉన్నా కలెక్టర్ కరెంటు దాదాపు ఒకేలా ఉండటానికి కారణం అదే. దాదాపు అనడానికీ కారణముంది. కలెక్టర్ వోల్టేజీ పెరిగేకొద్దీ ఆ వైపు లేమి పొర వెడల్పై బేస్‌ను కొంత తింటుంది. బేస్ మరింత సన్నబడి కరెంటు కొద్దిగా పెరుగుతుంది. 1952లో జేమ్స్ ఎర్లీ దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తున్నాం.

ఇప్పుడు బీటా. ఎమిటర్ నుంచి బయల్దేరిన 100 ఎలక్ట్రాన్లలో 99 కలెక్టర్ చేరితే ఆల్ఫా 0.99, బీటా 99. చేరినవి 99.5 అయితే ఆల్ఫా 0.995, బీటా 199. ఆల్ఫాలో అర శాతం తేడాకు బీటా రెట్టింపయింది. బీటా అంటే చేరినవాటిని తప్పిపోయినవాటితో భాగించడం. తప్పిపోయేవి చాలా తక్కువ కాబట్టి ఆ కొద్దిలో ఏ చిన్న మార్పొచ్చినా బీటా గెంతుతుంది. బీసీ547 డేటాషీట్ చూడండి. 2 మిల్లీఆంపియర్ల దగ్గర ఏ గ్రూపుకు 110 నుంచి 220, బీ గ్రూపుకు 200 నుంచి 450, సీ గ్రూపుకు 420 నుంచి 800. ఒకే పేరున్న ట్రాన్సిస్టర్‌లో ఏడు రెట్ల తేడా. కోఠి గుజరాతీ గల్లీలో గ్రూపు అడక్కుండా గుప్పెడు కొనుక్కొచ్చి మల్టీమీటర్‌లో పెట్టి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. దానికి తోడు ఒకే ట్రాన్సిస్టర్‌లో కూడా కరెంటును బట్టి బీటా మారుతుంది. 2ఎన్3904కు తయారీదారు హామీ ఇచ్చే కనీస బీటా 0.1 మిల్లీఆంపియర్ దగ్గర 40, 10 మిల్లీఆంపియర్ల దగ్గర 100, 100 మిల్లీఆంపియర్ల దగ్గర 30. వేడి పెరిగితే బీటా పెరుగుతుంది కూడా. ఇలాంటి అంకెను స్థిరాంకమని పిలిచి లెక్కలు చేయించడం పిల్లలకు మేలు చేయడం కాదు.

మరి తప్పిపోయినవి ఎక్కడ తప్పిపోయాయి? ఇక్కడ పాఠ్యపుస్తకాలు చెప్పే జవాబును తిరిగి చూడాలి. బేస్‌లో కొన్ని ఎలక్ట్రాన్లు హోల్స్‌తో కలిసిపోతాయి, ఆ హోల్స్ లోటును పూడ్చడానికి వచ్చేదే బేస్ కరెంటు అంటారు. జరిగేదే, కాదనడం లేదు. కానీ ఎంత జరుగుతుంది? లెక్క వేద్దాం. బేస్ మందం 1 మైక్రోమీటరనుకుంటే వ్యాపనం ద్వారా దాన్ని దాటడానికి ఎలక్ట్రాన్‌కు పట్టే సమయం సుమారు 0.2 నానోసెకను. బేస్‌లో హోల్‌తో కలవకుండా అది బతికే సగటు కాలం, మంచి సిలికాన్‌లో, 1 మైక్రోసెకను అనుకోవచ్చు. అంటే దాటే కాలం కంటే బతికే కాలం 5,000 రెట్లు. తప్పిపోవడానికి ఇదొక్కటే కారణమైతే బీటా 5,000 రావాలి. వస్తున్నది 200. మిగతా నష్టం వేరే చోట జరుగుతోందన్నమాట.

ఆ చోటు ఎమిటర్. బేస్-ఎమిటర్ గోడ దించినప్పుడు ఎలక్ట్రాన్లు మాత్రమే దాటవు. బేస్‌లోని హోల్స్ కూడా ఎదురుదారిలో ఎమిటర్‌లోకి దాటతాయి. వాటిని కలెక్టర్ పట్టుకునేది లేదు, లాభమూ లేదు. ఎమిటర్‌లో మలినాన్ని బేస్‌లో కంటే చాలా రెట్లు ఎక్కువ కలిపేది ఈ ఎదురు ప్రవాహాన్ని తగ్గించడానికే. నేటి సిలికాన్ ట్రాన్సిస్టర్లలో బేస్ కరెంటులో పెద్ద వాటా ఈ హోల్స్‌దే. బేస్‌లో కలిసిపోవడం గురించిన వివరణ మందమైన బేస్ ఉన్న పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్లకు బాగా నప్పేది. పరికరం మారింది, పాఠం మారలేదు. కరెంటు చాలా తక్కువైనప్పుడు మూడో కారణం ముందుకొస్తుంది. లేమి పొరలోనే ఎలక్ట్రాన్లూ హోల్స్ కలిసిపోతాయి. బీటా అక్కడ పడిపోవడానికి మూలం ఇదని 1957లో సా, నోయ్స్, షాక్లీ రాసిన పత్రం చూపింది.

ఎదురు ప్రవాహాన్ని అడ్డుకునే ఇంకో దారి ఉంది. ఎమిటర్‌ను బేస్ కంటే ఎక్కువ శక్తి అంతరం గల పదార్థంతో చేస్తే హోల్స్‌కు గోడ మరింత ఎత్తవుతుంది, ఎలక్ట్రాన్లకు అవదు. 1957లో హెర్బర్ట్ క్రోమర్ దీన్ని విశదంగా ప్రతిపాదించాడు. ఇలాంటి భిన్నపదార్థ సంధుల మీద చేసిన కృషికి 2000లో నోబెల్ వచ్చింది. వేగవంతమైన రేడియో చిప్పుల్లో వాడే సిలికాన్-జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఈ ఆలోచన సంతానమే. బేస్ కరెంటు ఎక్కడినుంచి వస్తుందన్న సందేహాన్ని పట్టించుకున్నవాళ్లకు దక్కిన ఫలం ఇది.

కరెంటు పక్షం ఎలా బలపడిందో తెలియాలంటే పేరు చరిత్రలోకి వెళ్లాలి. 1947 డిసెంబరులో బార్డీన్, బ్రాటెయిన్ చేసిన మొదటి ట్రాన్సిస్టర్‌లో జెర్మేనియం దిమ్మ మీద రెండు బంగారు మొనలు ఆనించారు. ఆ దిమ్మే అడుగున పీఠంలా ఉండేది కాబట్టి దానికి బేస్ అని పేరు. మనం ఈనాటికీ ఆ మాటే అంటున్నాం, నేటి ట్రాన్సిస్టర్‌లో అది పీఠం కాకపోయినా. 1948లో కొత్త పరికరానికి పేరు వెతుకుతూ జాన్ పియర్స్ వాక్యూమ్ ట్యూబును ఎదురుగా పెట్టుకుని ఆలోచించాడు. ట్యూబులో వోల్టేజీ ఇస్తే కరెంటు వస్తుంది, ఆ గుణం ట్రాన్స్‌కండక్టెన్స్. ఇది దానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది, కరెంటు ఇస్తే వోల్టేజీ వస్తుంది, కాబట్టి ట్రాన్స్‌రెసిస్టెన్స్. అందులోంచి ట్రాన్సిస్టర్. కరెంటుతో నడిచేదన్న భావన ఆ పేరులోనే నాటుకుపోయింది. అదే పేరు తరవాత మన ఊళ్లలో రేడియో పెట్టెకే పేరైపోయింది.

పైగా ఆ మొనల ట్రాన్సిస్టర్‌లో ఆల్ఫా 1 కంటే ఎక్కువ ఉండేది. ఎమిటర్‌లో పోసిన కరెంటు కంటే కలెక్టర్‌లో ఎక్కువ వచ్చేది. కరెంటును పెంచే యంత్రమని అనుకోవడంలో వింత లేదు. 1948 జనవరిలో షాక్లీ ఊహించిన సంధి ట్రాన్సిస్టర్‌లో ఆల్ఫా 1కి తక్కువ. అయినా అది యాంప్లిఫై చేస్తుంది! ఇది ఆగి చూడాల్సిన చోటు. కామన్ బేస్ పద్ధతిలో ఎమిటర్‌లో 1 మిల్లీఆంపియర్ ఇస్తే కలెక్టర్‌లో 0.99 వస్తుంది. కరెంటు పెరగలేదు, తగ్గింది. కానీ ఇవ్వడానికి ఎదురైన నిరోధం 26 ఓంలు. అదే కరెంటును కలెక్టర్ 3 కిలోఓంల రెసిస్టర్‌లో కూడా తొణక్కుండా పోయగలదు. వోల్టేజీ 115 రెట్ల దాకా పెరిగింది. బీటా ప్రమేయం లేకుండానే యాంప్లిఫికేషన్ జరిగిపోయింది. బేస్‌లో ఇచ్చి కలెక్టర్‌లో తీసే కామన్ ఎమిటర్ పద్ధతి ఎక్కువ వాడుకలోకి రావడంతో బీటాకు ఆ సింహాసనం దక్కింది.

వోల్టేజీ పక్షానికి పునాది 1949లో షాక్లీ పీ-ఎన్ సంధుల మీద బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో రాసిన పత్రం. అందులోని సమీకరణాన్ని రెండు సంధులకూ విస్తరించి 1954లో ఎబర్స్, మోల్ ట్రాన్సిస్టర్ నమూనా ఇచ్చారు. 1970లో గమ్మెల్, పూన్ దాన్ని ఇంకా పదును పెట్టారు. నేటి సర్క్యూట్ సిమ్యులేటర్లలో తిరిగే లెక్కకు అదే మూలం. ఈ వరుసలో ఎక్కడా బేస్ కరెంటు కలెక్టర్ కరెంటుకు కారణమని లేదు. సంధుల మీది వోల్టేజీల నుంచి రెండు కరెంట్లూ విడివిడిగా పుడతాయి. రెండూ ఒకే వోల్టేజీకి ఒకే తీరున ఘాతీయంగా పెరుగుతాయి కాబట్టి వాటి నిష్పత్తి కొంతమేర స్థిరంగా కనిపిస్తుంది. ఆ నిష్పత్తికి పెట్టిన పేరే బీటా.

కరెంటు పక్షం వాదం అంతమాత్రాన వీగిపోదు. వాళ్ల మొదటి మాట బలమైనది. కలెక్టర్ కరెంటు బేస్ వోల్టేజీకి ఘాతీయం, బేస్ కరెంటుకు మాత్రం దాదాపు సరళరేఖ. బేస్-ఎమిటర్ మధ్య 10 మిల్లీవోల్టుల సైన్ తరంగం నేరుగా ఇస్తే రెండో హార్మోనిక్ వక్రీకరణ 10 శాతానికి దగ్గరగా వస్తుంది. అదే సంకేతాన్ని పెద్ద నిరోధం గుండా కరెంటుగా ఇస్తే వక్రీకరణ చాలా తగ్గుతుంది. రెండో మాట ఫోటోట్రాన్సిస్టర్. దానికి బేస్ తీగే అక్కర్లేదు, వెలుగు పడితే చాలు. వెలుగు పుట్టించిన హోల్స్ బేస్‌లో చేరగానే కలెక్టర్ కరెంటు బీటా రెట్లు లేస్తుంది. ఇక్కడ వోల్టేజీ ఎవరిచ్చారు అని అడుగుతారు. బేస్‌లో చేరిన హోల్స్ ఆవేశమే గోడను దించింది అన్నది దానికి జవాబు.

ఆ జవాబులోనే రెండు పక్షాలూ కలిసే చోటుంది. 1957లో బ్యూఫోయ్, స్పార్క్స్ ట్రాన్సిస్టర్‌ను ఆవేశంతో నడిచే పరికరంగా చూడమన్నారు. బేస్‌లో ఎంత ఆవేశం నిల్వ ఉందో చూడు. దాన్ని ఎలక్ట్రాన్లు దాటే కాలంతో భాగిస్తే కలెక్టర్ కరెంటు, అది నశించే కాలంతో భాగిస్తే బేస్ కరెంటు. బీటా అంటే ఆ రెండు కాలాల నిష్పత్తి. గోడ దిగాలంటే ఆవేశం చేరాలి, ఆవేశం చేరాలంటే బేస్ తీగలో కరెంటు పారాలి. ఒకటి లేకుండా రెండోది మారదు. ఈ తగవు మీద నేను చదివినవాటిలో ఇంత నిండైన సమాధానం ఇంకోటి కనిపించలేదు. స్విచ్‌గా వాడినప్పుడు ట్రాన్సిస్టర్ ఆరడానికి ఎందుకు ఆలస్యమవుతుందో చెప్పగలిగేదీ ఇదే. సంతృప్త స్థితిలో రెండు సంధులూ పురోబయాస్‌లో ఉంటాయి, బేస్‌లో ఆవేశం అవసరానికి మించి పేరుకుంటుంది, అది ఖాళీ అయ్యేదాకా కలెక్టర్ కరెంటు ఆగదు. ఆ స్థితిలో కలెక్టర్ కరెంటు బేస్ కరెంటుకు బీటా రెట్లన్న సంబంధం అసలు వర్తించదు. రిలేను నడిపే సర్క్యూట్‌లో డేటాషీట్ బీటా పెట్టి లెక్క వేసి దెబ్బతినేది ఇక్కడే. అందుకే స్విచ్ పనిలో బేస్‌కు కలెక్టర్ కరెంటులో పదో వంతు ఇవ్వమంటారు.

వాదాన్ని బల్ల మీదకు తెచ్చి చూద్దాం. 12 వోల్టుల సరఫరా, 3 కిలోఓంల కలెక్టర్ రెసిస్టర్, బీటా 200 అని నమ్మి బేస్‌కు ఒకే రెసిస్టర్ గుండా 10 మైక్రోఆంపియర్లు ఇచ్చాం. కలెక్టర్ కరెంటు 2 మిల్లీఆంపియర్లు, రెసిస్టర్‌లో 6 వోల్టులు పోయి కలెక్టర్ సరిగ్గా నడుమ నిలుస్తుంది. అదే బీ గ్రూపులోంచి 450 బీటా ఉన్నది వస్తే 4.5 మిల్లీఆంపియర్లు పారాలి, అంటే రెసిస్టర్‌లో 13.5 వోల్టులు పోవాలి. ఉన్నవే 12. ట్రాన్సిస్టర్ సంతృప్తిలో కూరుకుపోతుంది, పాట వినిపించదు.

పోనీ వోల్టేజీ పక్షం మాట విని బేస్‌కు సరిగ్గా 0.65 వోల్టు ఇద్దామా? అది ఇంకా అన్యాయం. ఒకే కరెంటుకు కావలసిన వోల్టేజీ డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. మార్చిలో సరిచేసి పెట్టిన సర్క్యూట్‌కు మే నెలలో 10 డిగ్రీలు పెరిగితే 20 మిల్లీవోల్టులు ఎక్కువిచ్చినట్టే. కరెంటు రెట్టింపు దాటుతుంది.

చేయాల్సింది మూడో పని. ఎమిటర్ కింద 1 కిలోఓం పెట్టండి. బేస్‌ను 33 కిలోఓంలు, 10 కిలోఓంల విభాజకానికి కలపండి. బేస్ దగ్గర 2.8 వోల్టులకు కాస్త తక్కువగా నిలుస్తుంది. ఎమిటర్ దాని కంటే 0.65 కింద ఉంటుంది. ఎమిటర్ కరెంటు బీటా 110 అయితే 2.00 మిల్లీఆంపియర్లు, 200 అయితే 2.06, 450 అయితే 2.10. నాలుగు రెట్ల తేడా 5 శాతానికి దిగింది. 10 డిగ్రీల వేడికి వచ్చే మార్పు 1 శాతం. కరెంటు పెరగబోతే ఎమిటర్ వోల్టేజీ పైకి లేచి, బేస్-ఎమిటర్ తేడాను తగ్గించి, తానే వెనక్కి లాగుతుంది. గోడను ఎవరు దించుతున్నారన్న తగవుతో దానికి పనిలేదు.

సంకేతానికి ఈ ఎమిటర్ రెసిస్టర్ అడ్డు రాకుండా పక్కన కెపాసిటర్ పెడితే, వోల్టేజీ గెయిన్ ఎంత? 2 మిల్లీఆంపియర్లను 26 మిల్లీవోల్టులతో భాగించి 3 కిలోఓంలతో గుణిస్తే 230 పైచిలుకు. బీటా ఎక్కడా రాలేదు. మరి బీటా ఊరికే ఉందా అంటే లేదు. ముందు దశకు ఇది ఎంత బరువవుతుందో చెప్పేది బీటాయే. 200 అయితే ఇన్‌పుట్ నిరోధం 2.6 కిలోఓంలు. బీటా ఎక్కువ ఉంటే ముందున్న మైకు మీద భారం తగ్గుతుంది. బీటా అసలు ఉద్యోగం అది. అందుకే ఆపరేషనల్ యాంప్లిఫైయర్ చిప్పుల ముంగిట బీటా వేలల్లో ఉండే ట్రాన్సిస్టర్లను పెట్టిన సందర్భాలున్నాయి.

వోల్టేజీ పక్షానికి తిరుగులేని సాక్ష్యం కరెంటు మిర్రర్. ఒకే చిప్పు మీద పక్కపక్కన చేసిన రెండు ట్రాన్సిస్టర్ల బేస్‌లను, ఎమిటర్లను కలిపేస్తారు. ఒకదానిలో ఎంత కరెంటు పారితే రెండోదానిలోనూ అంతే పారుతుంది. ఇద్దరికీ ఒకే వోల్టేజీ, ఒకే కొలతలు, ఒకే వేడి, కాబట్టి ఒకే కరెంటు. బీటా 100 అయితే దీనిలో వచ్చే లోటు 2 శాతం, బీటా పాత్ర ఆ లోటు వరకే. కలెక్టర్ కరెంటు బేస్ కరెంటుకు బీటా రెట్లు అన్న ఒక్క వాక్యంతో ఈ సర్క్యూట్‌ను కనిపెట్టడం నాకు సాధ్యమనిపించదు. 1960ల్లో ఫెయిర్‌చైల్డ్‌లో బాబ్ విడ్లర్ దీన్నీ దీని బంధువుల్నీ అల్లుకుంటూ ఆపరేషనల్ యాంప్లిఫైయర్ చిప్పులను కట్టాడు.

మన సిలబస్‌లో ఇంకో పాతకాలపు ఛాయ ఉంది. స్థిరత్వ గుణకం పేరుతో, కలెక్టర్ లీకేజీ కరెంటు మారితే సర్క్యూట్ ఎంత చలిస్తుందో పేజీల కొద్దీ లెక్కలు చేయిస్తారు. జెర్మేనియం రోజుల్లో అది ప్రాణసంకటం. లీకేజీ మైక్రోఆంపియర్లలో ఉండేది, పది డిగ్రీలకు రెట్టింపయ్యేది, కామన్ ఎమిటర్‌లో బీటాకు ఒకటి కలిపినన్ని రెట్లు పెరిగి కనబడేది. బీసీ547 లీకేజీకి గది ఉష్ణోగ్రతలో తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు 15 నానోఆంపియర్లు. దాని మీద పెట్టే శ్రమలో సగం బేస్-ఎమిటర్ వోల్టేజీ జారుడు మీద పెడితే పిల్లలు కట్టే సర్క్యూట్లు ఎండాకాలంలోనూ పనిచేస్తాయి.

ప్రయోగశాల రికార్డులో ట్రాన్సిస్టర్ లక్షణ వక్రాలకు రెండు పట్టికలుంటాయి. ఇన్‌పుట్ పట్టికలో బేస్ వోల్టేజీకి ఎదురుగా బేస్ కరెంటు, అవుట్‌పుట్ పట్టికలో కలెక్టర్ వోల్టేజీకి ఎదురుగా కలెక్టర్ కరెంటు. బేస్-ఎమిటర్ వోల్టేజీకి ఎదురుగా కలెక్టర్ కరెంటు రాసే మూడో పట్టిక సాధారణంగా ఉండదు. నేనైతే దాన్నే మొదట పెట్టిస్తాను. బీసీ547 ఒకటి, మల్టీమీటర్లు రెండు, సన్నగా తిప్పగల పొటెన్షియోమీటర్ ఒకటి, గది ఉష్ణోగ్రత చూసే థర్మామీటర్ చాలు. ట్రాన్సిస్టర్ వేడెక్కకుండా కలెక్టర్‌కు రెండు మూడు వోల్టులకు మించి ఇవ్వకూడదు, ఒంటి వేడి తగలకుండా వేళ్లు దూరంగా ఉంచాలి. 1 మైక్రోఆంపియర్ నుంచి 1 మిల్లీఆంపియర్ దాకా, ప్రతి దశకంలో మూడు నాలుగు కొలతలు తీసి, సెమీలాగ్ కాగితం మీద చుక్కలు పెట్టాలి. చుక్కలన్నీ ఒక సరళరేఖ మీద కూర్చుంటాయి. డయోడ్‌తో చేస్తే ఇంత శుభ్రంగా రాదు. డయోడ్ కరెంటులో లేమి పొరలో కలిసిపోయినవాటి వాటా కూడా ఉంటుంది, కలెక్టర్ కరెంటులో గోడ దాటి వచ్చినవే ఉంటాయి. 27 డిగ్రీల గదిలో ఆ రేఖ దశకానికి 59.5 మిల్లీవోల్టుల చొప్పున లేవాలి. ఆ వాలును 2.303తో భాగించి, కెల్విన్‌లలోని గది ఉష్ణోగ్రతతో మళ్లీ భాగిస్తే వచ్చేది ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించిన బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, డిగ్రీకి 0.086 మిల్లీవోల్టు. ఆ తరవాత అదే ట్రాన్సిస్టర్ బీటాను అవే కరెంట్ల దగ్గర కొలిచి, పక్కనే ఇంకో గ్రాఫు గీయించాలి.